బొంబాయికి వయా సింగపూర్

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం సాయంత్రం ఇంజనీరింగ్ విద్యార్థులు, వాళ్లతో వచ్చిన తల్లిదండ్రుల ముందు ఒక నెట్‌వర్క్ ఇంజనీరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం, మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక్కి వినిపిస్తోందా? మంచిది. ఫ్యాన్ కింద చోటు దొరికినవాళ్లు అదృష్టవంతులు, మిగతావాళ్లు కాస్త ఓర్చుకోండి.

బీజీఎంఐ, అదే ఫోన్లో తుపాకుల ఆట, ఆడేవాళ్లు ఒకసారి చేతులెత్తండి. అబ్బో. వలొరెంట్? సరే, ఓ పదిమంది. ఫ్రీ ఫైర్? సిగ్గెందుకు బాబూ, ఎత్తండి ఎత్తండి. ఇప్పుడు ఎవరూ దించకండి. రాత్రి 9 అయ్యేసరికి పింగ్, అంటే ఆట నడిపే సర్వరు కంప్యూటరుకి కబురు వెళ్లి రావడానికి పట్టే టైము, 100 మిల్లీసెకన్లు దాటిపోయేవాళ్లు అలాగే ఉంచండి, మిగతావాళ్లు దించేయండి. చూశారా? దిగిన చేతులు రెండో మూడో. ఆ దించినవాళ్ల ఇల్లెక్కడో తర్వాత కనుక్కుందాం.

ఇక్కడ తల్లిదండ్రులు కూడా ఉన్నారు. అమ్మా, రాత్రి పదింటికి మీవాడు గదిలోంచి "ముందు నేనే కాల్చాను, ముందు నేనే కాల్చాను" అని అరుస్తుంటాడు కదా. వాడు అబద్ధం ఆడట్లేదమ్మా. నిజంగానే ముందు కాల్చాడు. ఆ కబురు బొంబాయిలో ఉన్న ఆట సర్వరుకి ఆలస్యంగా చేరింది, అంతే. ఎందుకు ఆలస్యమైంది? దారిలో ఎక్కడ ఆగింది? ఇవాళ నేను చెప్పేదంతా అదే.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఒక నెట్ సెంటర్లో కూర్చుని, గంటకి ఇంత అని వసూలు చేస్తూ మొదలుపెట్టాను. మోడెం కీచుమని అరిచే రోజులు. ఆ తర్వాత హైదరాబాదులో చాలా ఏళ్లు రాత్రిళ్లు మేలుకుని, ఏ లింకు తెగింది, ఏ లింకు నిండింది అని గోడ మీద గ్రాఫులు చూసే ఉద్యోగం. అంటే మీరు తిట్టుకునే వాళ్లలో నేనూ ఒకణ్ణే. కాబట్టి రెండు వైపులా మాట్లాడతాను.

మా మేనల్లుడు నరసన్నపేటలో ఉంటాడు. ఒక సంక్రాంతికి వాళ్లింటికెళ్తే వాడు నాతో మాట్లాడడే. కనుమ రోజు మాంసం వడ్డించినా ముఖం మాడ్చుకునే ఉన్నాడు. ఏట్రా అంటే, "మావయ్యా, దీపావళి దాకా పింగ్ 38 ఉండేది. ఇప్పుడు పొద్దున్న చూసినా 118. రాత్రయితే 180. నాన్న 100 ఎంబీపీఎస్ ప్లాను తీసేసి 300ది వేయించాడు. అయినా అంతే" అన్నాడు. మా బావగారేమో, "నెలకి ఇంత ఎక్కువ కడుతున్నాను, అయినా వీడి ఏడుపు ఆగలేదు" అని వీణ్ణే తిడుతున్నారు.

ఇక్కడే అందరూ మోసపోతారు. ఎంబీపీఎస్ వేరు, పింగ్ వేరు. కాంప్లెక్సు నుంచి విశాఖపట్నానికి బస్సు వేశారు, 50 మంది పడతారు. కాదు, 150 మంది పట్టే బస్సు వేశారనుకోండి. విశాఖపట్నం ఏమైనా దగ్గరకొచ్చేస్తుందా? ఆ 110 కిలోమీటర్లు అలాగే ఉంటాయి. బస్సులో ఎంతమంది పడతారన్నది ఎంబీపీఎస్. వెళ్లి రావడానికి పట్టే టైము పింగ్. ఆటకి కావలసింది చిన్న చిన్న కబుర్లు. నేను ఇక్కడున్నాను, ఇటు తిరిగాను, కాల్చాను. మ్యాచ్ మొత్తానికి కలిపి కొన్ని పదుల ఎంబీలు కూడా అతి కష్టం మీద అవుతాయి. 300 మంది పట్టే బస్సులో ఒక్కడే కూర్చుని వెళ్తున్నాడు మావాడు.

మరి స్పీడ్ టెస్టులో అంతా పచ్చగా ఉంటుంది కదా సార్ అంటారు. ఉంటుంది. ఎందుకుండదు? ఆ టెస్టు దగ్గర్లో ఉన్న సర్వర్ని వెతుక్కుంటుంది. ఎక్కువసార్లు అది మీకు నెట్ ఇచ్చే కంపెనీవాళ్ల నెట్‌వర్కులోపలే ఉంటుంది. మీ ఇంటి నుంచి వీధి చివరికి రోడ్డు బాగుందని అది చెప్తోంది. మీరు వెళ్లాల్సింది బొంబాయి.

ఇప్పుడు కొంచెం లెక్క. భయపడకండి, ఏడో తరగతి లెక్కే. కాంతి శూన్యంలో సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఫైబర్ అంటే గాజు, గాజులో నెమ్మదిస్తుంది, సుమారు 2 లక్షలు. అంటే ఒక్క మిల్లీసెకనుకి 200 కిలోమీటర్లు. ఇక్కణ్ణుంచి విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాదు మీదుగా బొంబాయి ఎంత? రోడ్డు లెక్కన 1,450 కిలోమీటర్లు వేసుకోండి. పోను రాను 2,900. 200తో భాగించండి. పద్నాలుగున్నర మిల్లీసెకన్లు. దేవుడు దిగొచ్చినా ఆ దారిలో అంతకంటే తగ్గదు. మధ్యలో పెట్టెలుంటాయి, తీగ తిన్నగా వెళ్లదు, వంకరలుంటాయి. అన్నీ కలుపుకుని 35, 40 వస్తే అది న్యాయమైన పింగ్. మావాడికి దీపావళి దాకా వచ్చిన 38 అదే. మరి 118 ఏమిటి? మిగతా 80 మిల్లీసెకన్లు ఎక్కడికి పోయాయి? 80 అంటే వెళ్లి రావడానికి 16,000 కిలోమీటర్లు. ఒక వైపు 8,000. నరసన్నపేట నుంచి బొంబాయి వెళ్లడానికి ఇంకో 8,000 కిలోమీటర్లు ఎందుకు తిరగాలి?

పండగ పూట ల్యాప్‌టాప్ తీసి కూర్చున్నాను. కబురు ఏ దారిన వెళ్తోందో చూపించే పనిముట్టు, ట్రేస్‌రూట్ అని ఉంటుంది. విండోసులో ట్రేసర్ట్ అని కొడతాం. దీని కిటుకు భలే ఉంటుంది. ప్రతి ప్యాకెట్టు, అంటే నెట్‌లో వెళ్లే కబురు ముక్క, దాని మీద ఒక అంకె వేసి పంపుతారు. దారిలో ఒక్కో రూటరూ, అదే దారి చూపే పెట్టె, ఆ అంకెలోంచి ఒకటి తీసేస్తుంది. సున్నా అయిందా, ప్యాకెట్టుని అక్కడే పారేసి, "ఇదిగో, నా దగ్గర చచ్చిపోయింది" అని కబురు పంపుతుంది. మనం కావాలనే ముందు 1 వేసి పంపుతాం, మొదటి రూటర్ పేరు తెలుస్తుంది. తర్వాత 2, తర్వాత 3. ఒక్కో మజిలీలో ఒక్కొక్కణ్ణి చంపి దారి కనిపెట్టడమన్నమాట.

మొదటి లైను వాళ్లింటి రూటరు, 1 మిల్లీసెకను. రెండోది 100.64తో మొదలయ్యే అడ్రసు, 4. ఆ అడ్రసు కనిపిస్తే గుర్తుపెట్టుకోండి, ఒకే పబ్లిక్ అడ్రసుని చాలా ఇళ్లకి పంచుతున్నారని అర్థం. తర్వాత విశాఖపట్నం, 7. తర్వాత చెన్నై, 22. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాతి లైను 57. 22 నుంచి ఒక్కసారి 57కి దూకింది. ఆ రూటర్ పేరులో ఎస్, ఐ, ఎన్ అని మూడక్షరాలున్నాయి. నెట్‌వర్కు వాళ్లకి రూటర్లకి విమానాశ్రయం కోడ్లు పెట్టుకోవడం అలవాటు. ఎం, ఏ, ఏ అంటే చెన్నై. బీ, ఓ, ఎం అంటే బొంబాయి. ఎస్, ఐ, ఎన్ అంటే?

సింగపూర్. అవును. మావాడు నరసన్నపేటలో ట్రిగ్గర్ నొక్కితే ఆ బుల్లెట్టు చెన్నై వెళ్లి, బంగాళాఖాతంలో మునిగి, 3,000 కిలోమీటర్లకి పైన ఈది, సింగపూర్లో తేలి, మళ్లీ సముద్రంలో మునిగి బొంబాయిలో లేచి, అప్పుడు అవతలివాడికి తగులుతోంది. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. మా బావగారికి చూపిస్తే, "నేను కట్టిన డబ్బుతో వీడి తుపాకీ గుండు ఫారిన్ తిరిగొస్తోందా" అన్నారు.

పేర్లని గుడ్డిగా నమ్మకండి, ఈ మాట మీకు వేరే చెప్పాలా? మన స్టేషన్ పేరేంటి? శ్రీకాకుళం రోడ్. దిగితే ఎక్కడున్నాం? ఆమదాలవలసలో. రూటర్ల పేర్లూ అంతే, పాతవి మార్చకుండా వదిలేస్తారు. అందుకే పేరూ చూడాలి, మిల్లీసెకన్లూ చూడాలి. రెండూ ఒకే మాట చెప్తే అప్పుడు నమ్మాలి.

ఎందుకలా వెళ్లింది? ఇది కొంచెం నిదానంగా చెప్తాను, ఇదే అసలు సంగతి.

ఇంటర్నెట్ అంటే ఒక్క నెట్‌వర్కు కాదు. వేలకి వేలు విడివిడి నెట్‌వర్కులు. ఒక్కోదానికీ ఒక నంబరుంటుంది, ఏఎస్ నంబరంటారు. ఇవన్నీ ఒకదానికొకటి దారి చెప్పుకునే భాష పేరు బీజీపీ. 1989లో ఇద్దరు ఇంజనీర్లు భోజనం బల్ల దగ్గర కాగితపు నాప్కిన్ల మీద రాసుకున్న ఆలోచన అది. ఇవాళ్టికీ దాని మీదే నడుస్తున్నాం. మన ఏడు రోడ్ల జంక్షన్లో ఒక కానిస్టేబుల్ నిలబడ్డాడనుకోండి. మీరు వెళ్లి ఫలానా ఊరికి దారేది అంటే చెయ్యి చూపిస్తాడు. ఆయన ఎలా చూపించాలి? దగ్గర దారి చూపించాలి కదా. బీజీపీ కానిస్టేబులుకి దూరం తెలీదు. కిలోమీటర్లు తెలీవు, మిల్లీసెకన్లు అసలే తెలీవు. ఆయనకి తెలిసింది రెండే. ఒకటి, మధ్యలో ఎన్ని నెట్‌వర్కులు దాటాలి. ఒక నెట్‌వర్కు 3 కిలోమీటర్లున్నా ఒకటే, 3,000 కిలోమీటర్లున్నా ఒకటే లెక్క. దాని కంటే ముందు చూసేది రెండోది. ఏ దారిలో పంపితే మా యజమానికి డబ్బొస్తుంది, ఏ దారిలో పంపితే డబ్బు పోతుంది.

నవ్వుతున్నారు గానీ, ఇది నిజం. కాన్ఫిగరేషన్లో రాసుకుంటాం. నేనే రాశాను, ఎన్నోసార్లు. మనకి డబ్బు కట్టే కస్టమర్ వైపు దారుంటే అది ముందు. డబ్బు ప్రసక్తి లేకుండా ఇచ్చిపుచ్చుకునే పీర్ దారుంటే అది తర్వాత. మనం డబ్బు కట్టి కొనుక్కునే ట్రాన్సిట్ దారి ఆఖర్న. పింగ్ ఎక్కడుంది ఇందులో? లేదు.

ఇప్పుడు నరసన్నపేట కేసు. వాళ్ల లోకల్ ఆపరేటరు ఒక కంపెనీ దగ్గర కనెక్షన్ కొన్నాడు. ఆ కంపెనీ ఇంకో పెద్ద కంపెనీ దగ్గర కొన్నది. ఆట సర్వరున్న నెట్‌వర్కుతో ఆ పెద్ద కంపెనీ ఇదివరకు బొంబాయిలోనే చేతులు కలిపేది. ఆ కలయిక ఏ కారణానో ఆగింది. ఒప్పందం అయిపోయిందో, రెంటినీ కలిపే పోర్టు నిండిపోయిందో. ఆగగానే బీజీపీ ఊరుకోదు కదా, ఇంకో దారి వెతుక్కుంది. ఆ రెండూ చేతులు కలిపే చోటు ఇంకెక్కడుంది? సింగపూర్లో. కనెక్షన్ తెగలేదు. పేజీలు తెరుచుకుంటున్నాయి, సినిమాలు ఆడుతున్నాయి, స్పీడ్ టెస్టు పచ్చగా ఉంది. కంపెనీ గోడ మీద ఒక్క ఎర్ర దీపం కూడా వెలగలేదు. తెలిసింది ఒక్క ఇంటర్ కుర్రాడికి.

మన దేశంలో ట్రాఫిక్కు మన దేశంలోనే మారాలి, ఊరికే విదేశాలు తిరిగి రాకూడదనే 2003లో నిక్సీ అని ఒక సంస్థ పెట్టారు. నెట్‌వర్కులు ఒక చోటకొచ్చి ఇచ్చిపుచ్చుకునే సంతలాంటిది. తర్వాత ప్రైవేటు ఎక్స్చేంజిలూ వచ్చాయి. చాలా మెరుగైంది, కాదనను. కానీ సంత పెట్టినంత మాత్రాన అందరూ వచ్చి కూర్చోరుగా. పెద్దవాళ్లు చిన్నవాళ్లతో ఊరికే ఇచ్చిపుచ్చుకోరు. కొనుక్కో అంటారు.

ఈ బాధ మనకొక్కరికే కాదు. అమెరికాలో లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆడేవాళ్లకీ ఇదే గోల. చివరికి ఆ ఆట కంపెనీ రయట్ 2015లో సర్వర్లని పశ్చిమాన పోర్ట్‌లాండ్ నుంచి తీసి దేశం నడిమధ్య షికాగోలో పెట్టింది. దానికి తోడు నగరాల మధ్య తన సొంత నెట్‌వర్కు వేసుకుని, ఆటగాళ్ల ప్యాకెట్లని వీలైనంత తొందరగా దాని మీదకి ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. ఊరి రోడ్డు బాగోలేదని రోడ్డే వేసుకున్నారు.

ఇంకోటి. బీజీపీ అంతా నమ్మకం మీద నడుస్తుంది. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్లో ఒక కంపెనీ, యూట్యూబుని వాళ్ల దేశం వరకే ఆపబోయి, పొరపాటున "యూట్యూబుకి దారి మా దగ్గరుంది" అని ప్రపంచానికి చాటింది. ప్రపంచం నమ్మేసింది. దాదాపు రెండు గంటలు చాలా దేశాల్లో యూట్యూబ్ లేదు. కానిస్టేబుళ్లు ఒకరి మాట ఒకరు ఎంతగా నమ్ముతారో చూడండి.

సరే, 38 ఎందుకు 118 అయిందో తెలిసింది. రాత్రి 180 ఎందుకు? అది వేరే జబ్బు. రెంటినీ కలపకండి, మందులు వేరు.

రథసప్తమి రోజు అరసవల్లి వెళ్లారా ఎవరైనా? దూరం పెరిగిందా ఆ రోజు? లేదు. మరి దర్శనానికి అన్ని గంటలెందుకు? క్యూ. రాత్రి 8 నుంచి 11 దాకా అందరూ వీడియోలు చూస్తారు, క్రికెట్ ఉంటే చెప్పక్కర్లేదు. ఎక్కడో ఒక లింకు నిండుతుంది. నిండితే ప్యాకెట్లు వరుసలో నిలబడతాయి, వరుస మరీ పెరిగితే పారేస్తారు. అదే ప్యాకెట్ లాస్. వరుస ఒకసారి పొడుగు, ఒకసారి పొట్టి. అదే జిట్టర్. నన్నడిగితే నిలకడగా 80 ఉన్నా ఆడుకోవచ్చు. 40, 150, 60, 200 అని ఊగేది మాత్రం ఆడనివ్వదు.

ఆ క్యూ మీ ఇంట్లోనే ఉండొచ్చు, అది ముందు చూసుకోండి. పెళ్లి నుంచొచ్చిన బాబాయి ఫోనులో వెయ్యి ఫొటోలు పైకి ఎక్కుతుంటాయి. మీ రూటరు వద్దనకుండా అన్నిట్నీ వరుసలో నిలబెట్టుకుంటుంది. మీ బుల్లెట్టు వాటి వెనకాల నిలబడుతుంది. దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. మంచి రూటర్లలో చిన్న ప్యాకెట్లకి ప్రత్యేక దర్శనం క్యూ పెట్టే సదుపాయం ఉంటుంది, ఎస్‌క్యూఎం అంటారు. అది లేకపోతే ఆడేటప్పుడు బాబాయి ఫోన్ వైఫై ఆపేయండి. గొడవైతే నా పేరు చెప్పకండి.

వైఫై గురించి ఒక్క మాటే. కంప్యూటర్లో ఆడేవాళ్లు ల్యాన్ వైరు పెట్టండి. ఫోన్లో ఆడేవాళ్లు 5 గిగాహెర్ట్జ్ మీద, రూటరున్న గదిలోనే ఆడండి. అంతే, ముందుకెళ్దాం.

ఎవరో చీటీ పంపారు. "గోడ వెనక్కి వెళ్లిపోయాక కూడా చచ్చిపోతున్నాం, ఇది మోసం కాదా?" కాదు తమ్ముడూ. సర్వరు ఆటని చిన్న చిన్న ముక్కలుగా నడుపుతుంది. వలొరెంట్‌లో సెకనుకి 128 ముక్కలు, అంటే ఒక్కోటి 8 మిల్లీసెకన్ల లోపు. నువ్వు గోడ వెనక్కి తప్పుకున్న కబురు అవతలివాడికి ఇంకా చేరలేదు, వాడి తెర మీద నువ్వు ఇంకా బయటే ఉన్నావు. వాడు కాల్చాడు. సర్వరు న్యాయం చేద్దామని కాలాన్ని కాస్త వెనక్కి తిప్పి, వాడు కాల్చినప్పుడు వాడికి నువ్వెక్కడ కనిపించావో చూస్తుంది. కనిపించావు కాబట్టి చచ్చావు. వాడికి అది న్యాయం, నీకు అన్యాయం. తెర మీద నువ్వు ముందుకెళ్లి మళ్లీ వెనక్కి లాగినట్టవుతుంది చూడు, అదీ అంతే. నీ ఫోను ఊహించి చూపించింది, సర్వరు ఒప్పుకోలేదు.

వీపీఎన్, అంటే మన ట్రాఫిక్కుని ముందు వేరే చోటున్న సర్వరుకి పంపి అక్కణ్ణుంచి తీసుకెళ్లే సదుపాయం, పెట్టుకోవచ్చా అని ఇటువైపు నుంచి అడుగుతున్నారు. పింగ్ తగ్గించే యాప్‌లు చాలా అమ్ముతారు. కాంతి కంటే వేగంగా ఎవడూ తీసుకెళ్లలేడు. అయితే దారి మారితే మాత్రం నిజంగానే తగ్గుతుంది. మావాడికే ఒక వీపీఎన్ పెట్టి బొంబాయిలో దిగేలా చూస్తే 118 కాస్తా 46 అయింది. తప్పు ఇంట్లో లేదు, దారిలోనే ఉందని అక్కడ రుజువైపోయింది. రుజువు కోసం వాడండి. ఊరికే ఇచ్చే వీపీఎన్‌లకి మాత్రం దూరంగా ఉండండి.

ఇక నెట్ కంపెనీకి ఫోన్ చేసి ఏం చెప్పాలి? "సార్, ల్యాగ్ వస్తోంది" అంటే అవతలి అమ్మాయి ఏమంటుంది? రూటర్ ఆపి ఆన్ చేయండి సార్ అంటుంది. ఆవిడ తప్పు కాదు, ఆవిడ ముందున్న కాగితంలో అదే ఉంది. మేం ఏం చేశామంటే, ఎంటీఆర్ అని ఒక పనిముట్టుంది, ట్రేస్‌రూట్‌ని ఆపకుండా నడిపి ఒక్కో మజిలీలో ఎంత ఆలస్యం, ఎంత లాస్ అని పట్టికగా ఇస్తుంది. పొద్దున్న 7కి ఒకటి, రాత్రి 10కి ఒకటి, నాలుగు రోజులు తీశాం. వీపీఎన్‌తో ఒకటి, లేకుండా ఒకటి. దాన్ని మెయిల్లో పెట్టి, "మీ ట్రాఫిక్కు బొంబాయి వెళ్లడానికి సింగపూర్ వెళ్తోంది, నెట్‌వర్క్ టీముకి పంపండి" అని రెండు వాక్యాలు రాశాం. గేమ్ అన్న మాట రాయలేదు. గేమ్ అని రాస్తే కుర్రాడి సరదా అనుకుని పక్కన పెడతారు. నేనూ పెట్టినవాణ్ణే.

పట్టిక చదివేటప్పుడు ఒక జాగ్రత్త. మధ్యలో ఒక లైనులో నక్షత్రాలో, 60 శాతం లాసో కనిపిస్తే కేకలు పెట్టకండి. ఆ రూటరు తన పనిలో ఉండి మన ప్రశ్నకి జవాబివ్వలేదు, అంతే. దాని తర్వాతి లైన్లు బాగుంటే అది బాగున్నట్టే. ఒక చోట మొదలైన నష్టం చివరి లైను దాకా సాగితేనే జబ్బు. ఇంకోటి, వెళ్లే దారి ఒకటి, వచ్చే దారి ఒకటి కావచ్చు. ట్రేస్ వెళ్లేదే చూపిస్తుంది.

ఫోన్ చేసినప్పుడు డాకెట్ నంబరు, అంటే మీ ఫిర్యాదుకి ఇచ్చే నంబరు, తప్పక రాసుకోండి. తేలకపోతే ప్రతి కంపెనీకీ అప్పిలేట్ అథారిటీ అని పైమెట్టు ఉంటుంది, ఆ నంబరుతో అక్కడికెళ్లాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి రాసేస్తాను అంటారు చాలామంది. ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు తీసుకోదు.

మాకు మొదటి మూడు ఫోన్లకీ రూటర్ రీస్టార్టే దక్కింది. నాలుగోసారి లైన్‌మన్‌ని పంపారు. పాపం ఆయన స్తంభం ఎక్కి ఫైబర్ మళ్లీ అతికి, "లైటు బాగుంది సార్" అని వెళ్లిపోయాడు. సింగపూర్ మీద దారిని స్తంభమెక్కి ఎలా సరిచేస్తాడండీ ఆయన? పదిహేను రోజులకి అసలు మనిషికి మెయిలు చేరింది. ఎవరో రాత్రి డ్యూటీ ఇంజనీరు. ఒక్క లైను జవాబు, "మార్చాం, చూడండి" అని. చూస్తే 41. మావాడు ఫోన్లో అరిచిన అరుపుకి నా చెవి గంటసేపు మోగింది.

కథ అక్కడాగలేదు. ఆషాఢంలో మళ్లీ 120. మళ్లీ ట్రేస్, మళ్లీ మెయిలు. ఈసారి సింగపూర్ కాదు, జేసీబీ. హైవే పక్కన తవ్వుతూ ఎక్కడో తీగ తెంపారు, ట్రాఫిక్కంతా చుట్టూ తిరిగి వెళ్తోంది. అతికాక అదే తగ్గింది. తవ్వే ముందు కేబుళ్లవాళ్లకి చెప్పడానికి 2023లో కేంద్రం ఒక యాప్ కూడా పెట్టింది. జేసీబీ డ్రైవరు అది చూసి తవ్వుతాడా అని నన్నడక్కండి.

విశాఖపట్నానికి సముద్రపు కేబుళ్లు వస్తున్నాయి కదా, గూగుల్ వాళ్ల డేటా సెంటర్ వస్తోంది కదా, మన పింగ్ తగ్గుతుందా అని పొద్దున్న ఒకాయన అడిగారు. 2025 అక్టోబరులో ప్రకటించిన మాట నిజం. కానీ కేబులు మన ఒడ్డుకొస్తే సరిపోదండీ. ఆట సర్వరు విశాఖపట్నంలో పెట్టాలి, మీ కంపెనీ అక్కడే దానితో చేతులు కలపాలి. ఆ రెండూ జరిగితే 7 మిల్లీసెకన్లు. జరక్కపోతే, కేబులు మన బీచ్‌లోనే ఉన్నా మన బుల్లెట్టు మాత్రం బొంబాయే వెళ్తుంది.

ఇంక మాటలు చాలు. పింగ్ 100 దాటదని చేతులు దించిన ముగ్గురూ ముందుకు రండి బాబూ, మీదే కంపెనీ, ఏ వీధి? చేతులెత్తినవాళ్లలో ముగ్గురు రండి. ఒకే సర్వరుకి ఆరుగురి ట్రేసూ పక్కపక్కన ఈ తెర మీద వేద్దాం. కాలేజీ వైఫై వద్దు, మీ ఫోన్ డేటా కూడా వద్దు. ఇంట్లో ఎవరికైనా ఫోన్ చేసి అక్కణ్ణుంచే తీయించండి. ఆ లైటు కాస్త ఆర్పండి ఎవరైనా.